చూడకుండా చూడి చెప్పడం

మా ఇంట్లో అందరికంటే ముందు ప్రయాణం రాసిపెట్టి ఉన్నది నాకే. "ఏడికన్న పో" అని మా అమ్మ పొద్దున ఒకసారి, పొద్దుగూకే వేళకు ఇంకోసారి నన్ను సాగనంపేది. ఏడో తరగతి రెండుసార్లు చదివాను. ఆ తరగతి నాకు అర్థం కాలేదో, నేనే ఆ తరగతికి అర్థం కాలేదో తేలకముందే బడి మానేశాను. అంతగా పొమ్మన్నా నేను పోయింది నాచారం నుంచి ఉప్పల్‌కు, ఉప్పల్ నుంచి నాచారానికి. అదీ సైకిలు మీద. పాస్‌పోర్టు మాత్రం, ఎవరూ ఎక్కడికీ పొమ్మనని మా చెల్లెకు వచ్చింది.

తొంభైల మొదట్లో సంగతి. చెల్లె నగరానికి ఆ చివర ఉన్న పశువుల డాక్టరు కాలేజీలో ఆఖరు సంవత్సరం చదువుతోంది. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. నేను ఉప్పల్‌లో ఒక పశువుల దవాఖానాలో పనివాణ్ని. పశువును పట్టుకోవడం, సూదులు ఉడకబెట్టడం, డాక్టరుగారి స్కూటర్ తుడవడం నా ఉద్యోగం. మా ఇద్దరి చదువుకూ తేడా ఒక్కటే. ఆమెకు బర్రె లోపల ఉన్నవాటి పేర్లన్నీ తెలుసు. నాకు బర్రె తెలుసు.

ఒక సాయంత్రం చెల్లె ఒక కాగితం పట్టుకొచ్చి ఇంగ్లీషులో చదివింది. హ్యాండ్స్ ఆన్ వెటర్నరీ ట్రెయినింగ్ ఇన్ ద ట్రాపిక్స్. ఆఫ్రికాలో టాంజానియా అనే దేశంలో మూడు నెలలు. కాలేజీ మొత్తంలో ముగ్గురికి వచ్చింది, అందులో తను ఒకతె.

"ట్రాపిక్కు నేర్సుకునేతందుకు ఆఫ్రికా దాక ఎందుకే?" అన్నాను. "ఉప్పల్ చౌరస్త కాడ నిలవడు. లారీలోళ్లు ఒక్క గంటల నేర్పిస్తరు."

"ట్రాపిక్కు కాదన్నా, ట్రాపిక్స్. ఎండ దేశాలు."

"ఎండ గూడ ఈడనే ఉన్నది గద."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది, లేకపోతే నవ్వుతూ ఏడ్చింది. చెల్లె మాత్రం నవ్వలేదు. కాగితం వెనక ఇంకో కాగితం ఉంది. దాన్ని వేళ్లతో మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. ఆ మడత శబ్దం వింటుంటే నాకే కాళ్లు నిలవలేదు.

"ఏందే, ఏమైంది?"

"దీని మీద కాలేజిల కాదు, బయట పనిజేసే ఒక డాక్టరు సంతకం గావాలె. నేను నా సేతితోని పశువును సూసి, సూడి ఉన్నదా లేదా చెప్పగలుగుతనని. మూడు వారాలల్ల పంపాలె. లేకుంటే నా ఎనక ఉన్నోళ్లకు పోతది."

"చెప్పు మరి. నాలుగేండ్లు ఏం జేసినవ్?"

చెల్లె నేల చూపులు చూసింది. "ముప్పై మందికి ఒక్క ఆవు అన్నా. మొగపిల్లలు ముందల నిలవడుతరు. నా వంతు వచ్చేసరికి ఆవుకు ఓపిక అయిపోతది, లేకుంటే గంట గొడ్తరు. నాలుగేండ్లల ఒక్కసారి సెయ్యి పెట్టిన. అది గూడ మణికట్టు దాక."

"మరి గన్ని మార్కులు ఎట్ల వచ్చినయే?"

"రాసిన."

అంత పొట్టి జవాబు మా చెల్లె నోట ఎన్నడూ వినలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పశువు కడుపుతో ఉంటే చూడి అంటాం. బర్రె చూడి కట్టిందో లేదో తెలియాలంటే వెనకనుంచి భుజం దాకా చెయ్యి పెట్టి, పేగు గోడ మీదుగా కింద ఉన్న గర్భసంచిని తడిమి చెప్పాలి. దీపం పనికిరాదు, కళ్లద్దాలు పనికిరావు. చూడి సంగతి తెలిసేది చూస్తే కాదు. అందుకే నేను దీనికి 'సూడకుండ సూడి సెప్పుడు' అని పేరు పెట్టుకున్నాను. అది నాకు వచ్చు. వచ్చని మా డాక్టరుగారికి మాత్రం తెలియదు. ఆయన మీటింగులకు పోయిన రోజుల్లో నాచారంలో పాలకోసం బర్రెలను కట్టే తబేలావాళ్లు నన్ను పిలిచేవాళ్లు. నేను చెయ్యి పెట్టి చెప్పి, లోటాడు పాలు తాగి వచ్చేవాణ్ని. చేసేది తప్పేనని తెలుసు. పాలు మాత్రం చిక్కగా ఉండేవి.

మర్నాడు చెల్లెను డాక్టరుగారి ముందు నిలబెట్టాను. ఆయన కోస్తా మనిషి, కోపం ముక్కు మీద, మంచితనం ఎక్కడో స్కూటర్ డిక్కీలో.

"చూడమ్మాయ్," అన్నాడు, "మీ అన్న నా దగ్గర పని చేస్తున్నాడని సంతకం పెట్టను. అక్కడెక్కడో చెయ్యి పెట్టేది నువ్వు, పేరు పోయేది నాది. మూడో శనివారం నాచారం తబేలాకి రా. ఐదు గేదెలు చూపిస్తాను. ఐదూ సరిగ్గా చెప్పు. నాలుగు చెప్పినా పెట్టను."

"నాలుగంటే ఫస్టు క్లాసు గద సార్," అన్నాను.

"గేదెకి ఫస్టు క్లాసు అక్కర్లేదురా. దాని కడుపులో ఉందో లేదో కావాలి."

ఆ రోజు నుంచి నాకు ఒక చోట కూర్చోబుద్ధి కాలేదు. దవాఖానా పని అయిపోగానే సైకిలెక్కి నాచారం తబేలాకు పోయేవాణ్ని. చెల్లె కాలేజీ నుంచి రెండు బస్సులు మారి నేరుగా అక్కడికి వచ్చేది. అది ఇంకా రాకపోతే రోడ్డు మీదికి వచ్చి చూసేవాణ్ని. మిల్లు సైరన్ మోగితే ఆలస్యమైందని తిట్టుకునేవాణ్ని, మోగకపోతే గడియారం ఆగిందేమోనని తిట్టుకునేవాణ్ని.

మొదటి రోజు చెల్లె తెల్ల కోటు వేసుకుని వచ్చింది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, జేబులో పెన్ను పెట్టుకుని. ఆ కోటు చూడగానే తబేలాలో పదహారు బర్రెలూ ఒక్కసారి తల ఎత్తాయి. తెల్ల కోటు అంటే సూది అని వాటికి తెలుసు. అందుకే మా డాక్టరుగారు తబేలాకు ఎప్పుడూ మామూలు చొక్కాతోనే వచ్చేవాడు. ఆ ముక్క చెల్లెకు చెప్పడం నేనే మరిచాను. మొదటి బర్రె తోక ఒక్కటి విసిరి, నడుము ఒక్కటి తిప్పింది. చెల్లె పోయి పేడకుప్పలో కూర్చుంది. పెన్ను మాత్రం జేబులోనే ఉంది.

తబేలా యజమానిని మేం మామ అని పిలిచేవాళ్లం. ఆయన పరుగెత్తుకొచ్చి, "అయ్యో బిడ్డా, లే!" అని చెయ్యిచ్చి, నా వైపు తిరిగి, "గీ పొల్లనా ఆఫ్రికా పోయేది? ఆడ సింహాలు ఉంటయంట గదరా!" అన్నాడు.

"సింహాలకు సూడి జూడరు మామా, ఫికర్ జెయ్యకు," అన్నాను.

మర్నాడు మామ భార్య పాత చొక్కా ఒకటి ఇచ్చింది, ఆవిడ పాలు పిండేటప్పుడు చీర మీద వేసుకునేది. దానికి ఆ తబేలా వాసనంతా ఉంది. బర్రెలు ఊరుకున్నాయి. గోళ్లు నేనే దగ్గరుండి కత్తిరింపించాను. ఎడమచేతి గాజులు తీయించాను. అందుకు మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది: "ఎడమసేతి సదువేందిరా ఇది! తినే సెయ్యితోని సదువు సెప్పియ్యరాదా?"

"తినే సెయ్యి దాని లోపట బెడితే నువ్వు అన్నం పెడ్తవా అమ్మా?"

దాంతో గాజుల గొడవ తీరింది.

చెయ్యి లోపలికి పోయింది గానీ చెయ్యికి ఏమీ తెలియడం లేదు. "ఏం తాకుతున్నది?" అంటే, "మెత్తగ ఉన్నది" అనేది. లోపల అంతా మెత్తగానే ఉంటుంది. పుస్తకంలో అన్నీ రంగులేసి, గీత గీసి, పక్కన పేరు రాసి ఉంటాయి. చీకట్లో పేర్లు కనిపించవు. రోజుకు రెండు బర్రెల కంటే ఎక్కువ మామ చూడనిచ్చేవాడు కాదు, అది న్యాయమే. రోజులు పోతున్నాయి. నాకు అన్నం లోపలికి పోవడం లేదు.

అప్పుడు ఇంట్లో ఒక యంత్రం తయారు చేశాను. గోనెసంచి మూతికి మా నాయన మిల్లు పనికి వేసుకున్న పాత ప్యాంటు కాలు ఒకటి కోసి కుట్టాను. సంచిలో సబ్బునీళ్లతో తడిపిన గుడ్డలు కుక్కి, వాటి మధ్య కూరగాయలు దాచాను. చెల్లె ప్యాంటు కాలులోంచి భుజం దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, తాకింది ఏందో చెప్పాలి. రేగ్గాయంత ఉంటే అండం ఉండే చోటు. అరటిపండంత లావుంటే రెండు నెలల చూడి. చిన్న సొరకాయ అయితే మూడు దాటింది. ఇది నా సిలబస్సు, దీనికి పుస్తకం లేదు.

మొదటి సాయంత్రం ఉల్లిగడ్డను పట్టుకుని నిమ్మకాయ అంది.

"ఆఫ్రికాల పులిహోర జేస్తే జర నాకు పంపియ్యకే," అన్నాను.

మా అమ్మకు ఈ ఆట నచ్చింది. నాకు తెలియకుండా తనే ఒక్కొక్కటి దాచేది. ఒకరోజు గుత్తి వంకాయ పెట్టింది. చెల్లె చాలాసేపు తడిమి, "రెండు నెలలు నిండినయ్" అంది.

"ఓరి దేవుడా," అంది అమ్మ, "నా కూరగాయలన్ని కడుపుతోనే ఉన్నయా?"

ఇంకోరోజు కోడిగుడ్డు పెట్టింది. దాని సంగతి వద్దు. సంచిలోంచి తీసిన కూరగాయలే కడిగి వండేవాళ్లం. ఎంత కడిగినా ఆ మూడు వారాలు మా ఇంట్లో పప్పుచారుకు నురగ వచ్చేది.

ఈ సందట్లోనే ఆఫ్రికా పోయేవాళ్లు ఎల్లో ఫీవర్ సూది వేయించుకోవాలని కాలేజీలో చెప్పారు. మా అమ్మ దాన్ని పసిరికల సూది, అంటే కామెర్ల సూది అనుకుంది. కళ్లు పచ్చబడితే సూది ఎందుకని, మౌలాలి దగ్గర ఎవరో పసరు పోస్తారంటే పోయి సీసాలో పట్టుకొచ్చింది. చెల్లె ఒక గుటక మింగి, మిగతాది మొక్కకు పోసింది. ఆ మొక్కకు ఏ జబ్బూ రాలేదని అమ్మ తరవాత చాలామందికి చెప్పింది.

రెండో వారం చివరకు చెల్లె చెయ్యి దారికొచ్చింది. తబేలాలో పదింటికి ఎనిమిది సరిగ్గా చెప్పసాగింది. నా సిలబస్సు అంతా కొలతలే గనుక నేను మురిసిపోయాను. అయితే చెల్లె మధ్యమధ్యలో ఇంకేదో చేస్తోంది. చున్నీని రెండు మడతలు వేసి, రెండు వేళ్ల మధ్య చిటికెడు పట్టుకుని, పై మడతను ఉంచి లోపలి మడతను జారవిడిచేది. మళ్లీ పట్టేది, మళ్లీ జారవిడిచేది. బస్సులో అదే, అన్నం తినేటప్పుడు అదే. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కూడా అదే.

"ప్రార్థనల ఆ సిటికెలేందే?" అని అమ్మ మోచేత్తో పొడిచింది.

"పొర జారుడు అమ్మా," అంది చెల్లె గుసగుసగా. "సూడి ఉంటే లోపట సన్నటి పొర ఉంటది. ఇట్ల పట్టుకుంటే ఏళ్ల నడుమకెల్లి జారాలె. పుస్తకంల ఉన్నది."

"పుస్తకం సంగతి ఇడిసిపెట్టు," అన్నాను నేను. "సొరకాయంత ఉంటే సూడి. అంతే."

పరీక్ష దగ్గరపడేకొద్దీ నాకు కాలు కాలిన పిల్లి లెక్క అయింది. ఐదుకు ఐదు అంటే మాటలా? డాక్టరుగారు ఏ ఐదు పట్టుకొస్తాడోనని తబేలాలోని బర్రెలన్నిటినీ తలచుకున్నాను. వాటి సంగతులన్నీ నాకు తెలుసు, ఎందుకంటే చాలావాటికి చూడి చెప్పింది నేనే. శుక్రవారం పొద్దున చెల్లెకు నా ఏర్పాటు చెప్పాను.

"నేను బర్రె తలకాయ కాడ తాడు వట్టుకోని ఉంట. ఒక్కసారి దగ్గితే సూడి. రెండుసార్లు దగ్గితే ఖాలీ."

"వద్దన్నా."

"నువ్వు వద్దంటవ్ గని, దగ్గు నా సేతిల ఉంటదా?"

చెల్లె నా వంక చూసింది. చున్నీ మడిచి మళ్లీ చిటికెలు మొదలుపెట్టింది.

శనివారం పాలు పిండడం అయ్యాక డాక్టరుగారు వచ్చాడు. మామ ఐదు బర్రెలను వరసగా కట్టాడు. మొదటిదానికి చెల్లె చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "మూడు నెలలు" అంది. నేను దగ్గేలోపే అంది. డాక్టరుగారు తనూ చెయ్యి పెట్టి చూసి, "ఊఁ" అన్నాడు. రెండోది ఖాలీ అంది. "ఊఁ." మూడోది ఐదు నెలలు. "ఊఁ." నాలుగోది రెండు నెలలు. దానికి ఆయన కొంచెంసేపు వెతికి, కనుబొమ్మలు ఎత్తి, "ఊఁ" అన్నాడు. నాకు దగ్గే అవకాశమే రాలేదు.

ఐదోది తబేలాలోకెల్లా పెద్ద బర్రె, మామ అంతవరకూ చెల్లెను చెయ్యి పెట్టనివ్వనిది. రెండు నెలల కిందట దానికి 'రెండు నెలల సూడి' అని మామకు చెప్పింది నేనే. ఆ రోజు తాగిన పాలలో చక్కెర కూడా వేశారు. కాబట్టి ఇప్పుడు నాలుగు నెలలు. లెక్క తేలిక.

చెల్లె చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. పెదవి కొరుక్కుంటోంది. నుదురు ముడుచుకుంది. అయిపోయింది, దీనికి తెలియడం లేదు అనుకున్నాను. ఒక్కసారి దగ్గాను. చెల్లె కదలలేదు. వినపడలేదేమో, మళ్లీ దగ్గుదామనుకుంటే మళ్లీ దగ్గితే రెండవుతుంది, రెండంటే ఖాలీ. కానీ గొంతు ఆగలేదు, దగ్గాను. ఇక ఆ రెండోదాన్ని చెరపడానికి మూడోసారి దగ్గాను. మూడు దగ్గులకు మా ఏర్పాటులో అర్థమే లేదు. కంగారుగా ఇంకా రెండు దగ్గాను.

చెల్లె కళ్లు తెరిచింది. నన్ను చూడలేదు.

"సూడి కాదు సార్," అంది. "ఖాలీ గూడ కాదు."

"మరేమిటి?"

"చీము. గర్భసంచి రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉబ్బింది. గోడ దళసరిగ ఉన్నది. పొర జారుతలేదు."

నా నోరు నా మాట వినలేదు. "సూడే సార్! నాలుగు నెలలది!"

డాక్టరుగారు మెల్లగా నా వైపు తిరిగాడు. "నీకెలా తెలుసురా?"

మామ అమాయకంగా, "గీనే గద సార్ సెప్పింది, రెండు నెలల కింద. అప్పటిసంది దీనికి పత్తిగింజల చెక్క పెడ్తున్న," అన్నాడు.

డాక్టరుగారు చేతికి సబ్బు రాసుకుని లోపల పెట్టాడు. ఆయన చెయ్యి లోపల ఉన్నంతసేపూ నేను నిలబడ్డ చోట నిలబడలేకపోయాను. నా మాట నిజమైతే చెల్లె ఇక్కడే ఆగిపోతుంది. చెల్లె మాట నిజమైతే నా కొలువు, నాచారంలో నా పేరు రెండూ ఆ పేడకుప్పలోకే. అబద్ధం ఆడను, మొదటి నిమిషం నా మాటే నిజం కావాలనుకున్నాను. ఆ తరవాత చెల్లె వైపు చూశాను. అది తడి చేతినుంచి నీళ్లు కారుతుంటే, కుడిచేత్తో చున్నీ కొస పట్టుకుని చిటికెలు వేస్తోంది. అప్పుడు, ఎన్నడూ లేంది, నేను తప్పు కావాలని ప్రార్థన చేశాను. చర్చిలో కూడా అంత గట్టిగా చేయలేదు.

ఆయన చెయ్యి తీశాడు.

"చీమే," అన్నాడు. "ఇంకో రెండు నెలలు చూడి చూడి అని మేపుంటే గేదె పోయేది."

మామ తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను బర్రె మెడ వెనక్కి జరిగాను. పెద్ద బర్రె అయినా దాక్కోవడానికి సరిపోలేదు.

"దగ్గు ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాడు డాక్టరుగారు.

"ఇయ్యాలనే సార్."

"చెయ్యి ఎన్నాళ్ల నుంచి?"

"...నాలుగేండ్ల సంది సార్."

ఆయన చెల్లె కాగితాన్ని స్కూటర్ సీటు మీద పరిచి, పైన రాళ్లు పెట్టి, సంతకం చేశాడు. రెండుసార్లు గట్టిగా గీత గీశాడు. ఆ గీతల్లో ఒకటి నా మీది కోపమని నా నమ్మకం. తరవాత నాకు తీర్పు చెప్పాడు. ఆ బర్రెకు నయమయ్యేదాకా రోజూ పొద్దున నేనే వచ్చి దాని కింద పేడ ఎత్తాలి. ఆయన లేకుండా ఏ పశువులోనైనా చెయ్యి పెడితే ఆ చెయ్యి నాకు ఉండదు. ఆయన పెట్టాక మాత్రం పెట్టాలి, ఏం తగిలిందో చెప్పాలి, తప్పయితే తిట్లు తినాలి. నా కొలువు పోలేదు. బడి మళ్లీ మొదలైంది, అంతే.

చెల్లె టాంజానియా పోయింది. బొంబాయి రైలెక్కేటప్పుడు మా అమ్మ మామిడికాయ తొక్కు సీసా, నేను పొడుగు చేతితొడుగుల కట్ట ఇచ్చాము. చర్చి వాళ్లంతా వచ్చి ప్రార్థన చేస్తుంటే నేను ప్లాట్‌ఫారం ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాను. ఆ మూడు నెలలూ అట్లాగే తిరిగాను. పోస్టుమ్యాన్ మా సందులోకి రాకముందే నేను సందు చివర ఉండేవాణ్ని. వచ్చిన రెండు ఉత్తరాల్లో ఆవుల గురించి తప్ప ఏమీ లేదు. గోనెసంచి యంత్రాన్ని మా అమ్మ విప్పి ఉల్లిగడ్డలు పోసుకుంది. పెద్ద బర్రె బాగైంది. మళ్లీ ఎదకు వచ్చింది. ఆ సంగతి చెల్లెకు రాసి, కవరు మీద ఇంగ్లీషు అడ్రసు రాయించడానికి నేను పొరుగింటి చుట్టూ నాలుగుసార్లు తిరిగాను.

తిరిగొచ్చిన రోజు చెల్లె నల్లబడి, బక్కచిక్కి, చేతులు మాత్రం గట్టిపడి వచ్చింది. అక్కడ రోజుకు నలభై ఆవుల దాకా చూసిందట. ఇరుగుపొరుగు అంతా ఇంట్లో కూర్చుని వింటున్నారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"అందరు ఇనుండ్రి," అన్నాను, "ఏడు ఫెయిలైనోడు నేర్పిన సదువు ఆఫ్రికా దాక పోయొచ్చింది. ఎంతైన దీనికి గురువును నేనే. ఏమే, అబద్ధమా?"

చెల్లె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"అబద్ధం ఎందుకన్నా. సూడకుండ చెప్పుడు నువ్వే నేర్పినవ్. నీ మాట ఇనకుండ ఉండుడు మాత్రం నేనే నేర్సుకున్న."